మీ ఇష్టం సార్!

పదిమంది చేత పని చేయించిన వాళ్ళెవరైనా "మీ ఇష్టం సార్" అన్న మాట విని ఉంటారు. ఫ్యాక్టరీ కావచ్చు, బ్యాంకు కావచ్చు, బడి కావచ్చు, పెళ్ళి వంటల దగ్గర కావచ్చు. వినడానికి ఎంత వినయంగా ఉంటుందో! దాని అసలు అర్థం తెలియడానికి నాకు పదేళ్ళ సర్వీసు పట్టింది. "నువ్వు చేస్తున్నది తప్పు, కానీ నీతో వాదించి నాకు ఒరిగేదేమీ లేదు" అని.

మన భాషలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. "సరే" అని టక్కున అంటే సరే. "సరే... సార్" అని మధ్యలో ఊపిరి తీసుకున్నారంటే అది సరే కాదు. "మీరెలా చెబితే అలా" అంటే రేపు తేడా వస్తే పూచీ మీదే అని. ఇక పైవాళ్ళ నోట "చూద్దాం" అనే మాట ఒకటుంది. ఒక ఆలోచనను పాతిపెట్టడానికి దానికన్నా మెత్తటి మన్ను తెలుగులో దొరకదు. కింది నుంచి "మీ ఇష్టం", పైనుంచి "చూద్దాం". ఈ రెండు మాటల మీద ఏళ్ళకేళ్ళు నడిచిపోయిన సంస్థలను నేను చూశాను. అలాంటిదాన్ని ఒకదాన్ని స్వయంగా నడిపాను కూడా.

హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాకు నేను వర్క్స్ మేనేజర్ని. చిన్నదంటే 62 మంది. పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసి ఇచ్చేవాళ్ళం. లేత్‌లు, మిల్లింగ్, డ్రిల్లింగ్ మెషీన్లు, ఒక పవర్ ప్రెస్, ఒక సర్ఫేస్ గ్రైండర్ ఉండేవి. గ్రైండర్ అంటే ఇడ్లీ పిండి రుబ్బేది అనుకోకండి. ఇనుప పలకను అద్దంలా నునుపు చేసే యంత్రం. మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా ఆ పలక చెత్తబుట్టకే.

1986 సంక్రాంతికి మూడు రోజులు సెలవిచ్చాం. నాకు లెక్కలంటే మోజు. సరుకు ఒక మెషీను నుంచి ఇంకో మెషీనుకు రోజుకు ఎన్ని అడుగులు ప్రయాణం చేస్తోందో గ్రాఫ్ కాగితం మీద గీసి చూసుకున్నాను. ప్రెస్ దగ్గర నుంచి గ్రైండర్ దాకా ట్రాలీ తోసుకెళ్ళడమే పెద్ద దండగ అని తేలింది. యజమానిని ఒప్పించాను. పండగ మూడు రోజుల్లో బయటి నుంచి క్రేనునీ కూలీలనూ పిలిపించి, గ్రైండర్‌ను తెచ్చి ప్రెస్ పక్కన నిలబెట్టాను. కనుమ నాటి సాయంత్రం షెడ్డు మధ్యలో నిలబడి చూసుకుంటే సొంత ఇల్లు కట్టుకున్నంత సంబరం.

పండగ తర్వాత మొదటి రోజే పలకల మీద సన్నటి అలలు కనిపించాయి. వెలుగుకు వాలుగా పట్టుకుని చూస్తే, గాలికి చెరువు నీళ్ళు ముడతలు పడ్డట్టు. సరుకంతా రిజెక్షన్. గ్రైండర్ రాయి అరిగిందేమో అని డ్రెస్సింగ్ చేయించాను. కొత్త రాయి ఎక్కించాను. స్పిండిల్ బేరింగులు విప్పించాను. కూలెంటు మార్పించాను. రెండు వారాలు గడిచాయి. నిద్ర లేదు. గ్రైండర్ మీద పనిచేసే ఆయన, వయసులో నాకన్నా పెద్దవాడు, ఏం చెబితే అది చేశాడు. ఇంకేం మారుద్దాం అని అడిగితే, ఇందాక చెప్పానే, ఆ మాటే అన్నాడు.

పదిహేనో రోజున టీ తెచ్చిన కుర్రాడు గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్ళబోతూ ఆగి, "లోపల అందరు ప్రెస్సు బందు పెట్టి చూడాలె అంటున్రు సార్" అన్నాడు.

ప్రెస్ ఆపించాను. పలక అద్దంలా వచ్చింది. ప్రెస్ దెబ్బ పడినప్పుడల్లా నేల అదురుతోంది, ఆ అదురే అలలై పలక మీదికి వస్తోంది. ఇంజనీరింగు చదివినవాడికి తట్టవలసిన విషయం. నాకు తట్టలేదు. అది పోనీయండి. నన్ను కుంగదీసింది ఇంకొకటి. ఆ సంగతి మొదటి రోజు నుంచే అందరికీ తెలుసు. టీ కుర్రాడికి కూడా తెలుసు. షెడ్డులో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

గ్రైండర్ ఆయన్ని పిలిచి, "ముందే ఒక్కమాట చెప్పొచ్చు కదయ్యా?" అన్నాను. కోపం లేదు ఆయన గొంతులో. "పండుగ మాటున మార్చిన్రు సార్. అంటే మమ్మల్ని అడగొద్దనే గదా" అన్నాడు. పాత చోట ఉన్నప్పుడు కూడా పక్క షెడ్డులో సమ్మెట దెబ్బలు పడుతుంటే ఆఖరి కోత పెట్టకుండా ఆగేవాడట. ఏళ్ళుగా అలా ఆగుతున్నాడు. ఆయన ఎందుకు ఆగుతున్నాడో నేను ఏనాడూ అడగలేదు. ఖాళీగా నిలబడ్డాడని ఒకసారి కేకలేసిన గుర్తు మాత్రం ఉంది.

ఆ ఆదివారమే గ్రైండర్‌ను మళ్ళీ జరిపాం. ఈసారి ఆయన సుద్దముక్క పట్టుకుని నేల మీద గీత గీశాడు. మేం ఆ గీత మీద పెట్టాం.

ఇది జరిగే నాటికి మాకు ఎంతో దూరంలో లేని చోట ఒక పెద్ద ప్రయత్నం సాగుతోంది. కూకట్‌పల్లి దాటి బొంబాయి రోడ్డు పట్టుకుపోతే రామచంద్రాపురంలో భెల్ ఫ్యాక్టరీ వస్తుంది. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్ళు మొట్టమొదట అక్కడే, 1980లో మొదలయ్యాయి. వాటి వెనక ఉన్న మనిషి అప్పట్లో అక్కడ జనరల్ మేనేజరుగా ఉన్న ఎస్.ఆర్. ఉడ్ప. రెండేళ్ళకే, 1982లో, దేశమంతటి సర్కిళ్ళకు ఒక సంస్థ కూడా సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. ఈ పద్ధతి పుట్టిల్లు జపాన్. 1962లో కవోరు ఇషికావా అనే ఆచార్యుడి పూనికతో అక్కడి ఫ్యాక్టరీల్లో మొదలైంది.

పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. ఒకే చోట ఒకే రకం పని చేసేవాళ్ళు, ఆరుగురో పదిమందో, ఎవరి బలవంతమూ లేకుండా వారానికి ఓ గంట కూర్చుంటారు. తమ పనిలోని చిక్కు ఒకదాన్ని తామే ఎంచుకుంటారు. ఇషికావా గారే నేర్పిన చేప ముల్లు బొమ్మ ఒకటుంది. చేప తల దగ్గర చిక్కు రాసి, ఒక్కో ముల్లు మీద ఒక్కో కారణం రాసుకుంటూ పోతారు. మనిషి వల్లా, మెషీను వల్లా, సరుకు వల్లా, పద్ధతి వల్లా అని. కారణం పట్టుకుని, విరుగుడు కనిపెట్టి, దాన్ని పైఅధికారుల ముందు వివరిస్తారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఆ ఆఖరి అంకం. ఆ రోజు కార్మికుడు నిలబడి చార్టు చూపిస్తూ చెబుతాడు, జనరల్ మేనేజరు కుర్చీలో కూర్చుని వింటాడు. మామూలు రోజుల్లో నిలబడే మనిషి తలవంచుకుని ఉంటాడు, కూర్చున్న మనిషే మాట్లాడతాడు. ఆ ఒక్క గంట ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు గానీ మాట చేతులు మారుతుంది.

నేనూ ఒక సర్కిల్ పెట్టించాను. డ్రిల్లింగ్ సెక్షన్‌లో ఏడుగురు. వాళ్ళ మొదటి సలహా, సరుకు పెట్టే రాక్‌ను నడుమెత్తుకు లేపమని. ఖర్చు లేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. చప్పట్లు, మిఠాయి, ఫొటో. రెండో సలహాకు ఓ నాలుగు వందల రూపాయలతో ఒక చిన్న జిగ్ చేయించాలి. అంటే డ్రిల్లు ఎక్కడ దిగాలో చూపించే పట్టు. నేను "చూద్దాం" అన్నాను. నిజంగానే చూద్దామనే అన్నాను! ఆ నెల జీతాల హడావిడి, తర్వాతి నెల ఇంకేదో. మూడో నెలకు సర్కిల్‌లో నలుగురే మిగిలారు. ఏడాది తిరిగేసరికి ఫొటో మిగిలింది. దేశంలో చాలా సర్కిళ్ళ కథ ఇదేనని నా అనుమానం. అవి పోయింది మనవాళ్ళకు చేప బొమ్మ గీయడం రాక కాదు. వాళ్ళు గీసిన బొమ్మకు పైనుంచి జవాబు రాలేదు.

కార్మికుల మాట వినాలనే చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే వర్క్స్ కమిటీ అనే ఏర్పాటు చేసింది. వందమందో అంతకు మించో పనిచేసే చోట, ప్రభుత్వం ఆదేశిస్తే, కార్మికుల తరఫువాళ్ళూ యాజమాన్యం తరఫువాళ్ళూ కూర్చునే కమిటీ వేయాలంది. కార్మికుల సంఖ్య అవతలివారికి తగ్గకూడదంది. బాగుంది కదా? 1959లో ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ ఈ కమిటీలు ఏవేవి మాట్లాడుకోవాలో ఒక పట్టిక తయారుచేసింది. వెలుతురు, గాలి, మంచినీళ్ళు, క్యాంటీను, ప్రమాదాల నివారణ. జీతాలు, బోనసు మాత్రం వీళ్ళ దగ్గరికి రాకూడదు. దాంతో చాలా చోట్ల ఈ కమిటీ సమావేశాలు టీ పలచబడింది, ఫ్యాను తిరగడం లేదు అన్న దగ్గరే తిరుగుతూ ఉండిపోయాయి. ఇంటికి పిలిచి వీధి అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 43-ఏ అధికరణం వచ్చింది. పరిశ్రమల నిర్వహణలో కార్మికులు పాలుపంచుకునేలా రాజ్యం చర్యలు తీసుకోవాలని దాని సారాంశం. కానీ అది ఆదేశిక సూత్రాల్లో ఉంది, కాబట్టి కోర్టుకెక్కి సాధించుకునేది కాదు. దాన్ని అమలు చేయడానికి 1990లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. చట్టసభలకూ "చూద్దాం" అనడం వచ్చు.

చట్టం లేకుండా జరిగిన ఒక సంగతి చెబుతాను. 1953. అహమ్మదాబాదులో సారాభాయిల కాలికో మిల్లు. కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు, ఒకే షెడ్డులో 224. వాటికి 29 మంది పనివాళ్ళు. ఎంత బట్ట రావాలో లెక్కగట్టి పని పంచారు. నేత చూసేవాడు ఒకడు, కండెలు నింపేవాడు ఒకడు, తెగిన పడుగు అతికేవాడు ఒకడు, నూనె వేసేవాడు ఒకడు, ఊడ్చేవాడు ఒకడు. ఎవరి కింద ఎన్ని మగ్గాలో వేరువేరు లెక్క. అందువల్ల ఒక మగ్గం ఆగితే దాన్ని చూడాల్సినవాళ్ళు ఏ నలుగురో, ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తున్నారో ఎవరికీ తెలియదు. మగ్గాలు కొత్తవే, బట్ట మాత్రం అనుకున్నట్టు రావడం లేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే ఆయన వచ్చి చూశారు. కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి అప్పగించి, వాటి మంచిచెడ్డలన్నీ వాళ్ళకే వదిలేస్తే ఎలా ఉంటుందని ప్రతిపాదించారు. ఆ మాట షెడ్డులోకి వెళ్ళిందో లేదో, పనివాళ్ళు దాన్ని అందిపుచ్చుకుని ఎవరితో ఎవరు కలవాలో తామే తేల్చేసుకున్నారు. యాజమాన్యం పేర్లు రాసి ఇవ్వాల్సిన పనే లేకపోయింది. మొదట్లో కొంత తడబాటు వచ్చినా, తర్వాత బట్ట పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది.

ఆ కథలో నాకు ముచ్చటేసేది పెరిగిన బట్ట కన్నా, వాళ్ళంతట వాళ్ళు జట్లు కట్టుకున్న ఆ తొందర. ఎన్నాళ్ళ నుంచి కాచుకుని ఉన్నారో!

సరే, మా షెడ్డుకు వద్దాం. గ్రైండర్ దెబ్బకు బుద్ధి వచ్చిందని, ప్రతి శనివారం నాలుగింటికి అందరినీ కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఆ ఉత్సాహంలో ఒక పెద్ద తప్పు చేశాను. అడగకపోవడం కన్నా పెద్ద తప్పు. కొత్త లేత్ కొనాలి, ఏ కంపెనీది కొందామో మీరే చెప్పండి అన్నాను. టర్నర్లు గంటసేపు వాదించుకున్నారు. ఒకదాని విడిభాగాలు రాణిగంజ్‌లో దొరుకుతాయి, ఇంకోదానివి మద్రాసు నుంచి రావాలి. ఒకదాని చక్ గట్టిది, ఇంకోదాని బెడ్డు గట్టిది. నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నాను. నాలుగు రోజులకు లారీలో లేత్ దిగింది. వాళ్ళు వద్దన్నదే. యజమాని అడ్వాన్సు కట్టేసి అప్పటికి నెలయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఎందుకు అడిగానంటే, అడిగితే వాళ్ళకు బాగుంటుందని.

తర్వాత ఆరు నెలలు శనివారం సమావేశంలో గడియారం చప్పుడు బాగా వినిపించేది.

పిల్లవాణ్ణి "ఏ చొక్కా కావాలి నాన్నా?" అని అడిగి, ఎర్రది అంటే, అప్పటికే కొనేసిన నీలంది తొడిగితే వాడు ఏడుస్తాడు. పెద్దవాళ్ళు ఏడవరు. "మీ ఇష్టం సార్" అంటారు.

అప్పుడు ఒక నల్లబల్ల కొన్నాను. దాని మీద సుద్దతో నిలువుగా రెండు గీతలు గీసి మూడు గడులు చేశాను. మొదటి గడి మీద "చెబుతున్నది", రెండో దాని మీద "అడుగుతున్నది", మూడో దాని మీద "మీకు వదిలేసింది" అని రాశాను. శనివారం వచ్చే విషయాలన్నీ ముందే, శుక్రవారం సాయంత్రమే, ఏదో ఒక గడిలో రాయాలి. బోనసు యజమాని తేల్చేశాడు, మార్చే అధికారం నాకు లేదు, అది మొదటి గడి. గంటసేపు చర్చ అన్న నాటకం అక్కర్లేదు. కారణం చెబుతాను, తిట్టుకోదలచినవాళ్ళు తిట్టుకోవచ్చు. వచ్చే నెల ఆర్డర్లలో ఏది ముందు చేపట్టాలి అన్నది రెండో గడి. ఆఖరి మాట నాదే, కానీ మీ మాట వినకుండా తేల్చను. మూడో గడిలోకి వెళ్ళినదాన్ని నేను ముట్టుకోను. మొదట్లో ఆ మూడో గడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఏం రాయాలన్నా నా చెయ్యి ఆగేది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఒక శుక్రవారం ఎవరో అందులో చిన్న కోడిగుడ్డు బొమ్మ గీశారు.

అంతకన్నా కష్టమైనది నోరు కట్టుకోవడం. మేనేజరు ముందు మాట్లాడితే ఆ తర్వాత వినిపించేదంతా తానా అంటే తందానా. అందుకని వరుస తిరగేశాను. అందరికన్నా చిన్న హెల్పరు ముందు, నేను ఆఖరున. ఇది నా తెలివేమీ కాదు, చిన్నవాడి చేత ముందు చెప్పించడం ఎన్నో చోట్ల ఉన్న పాత పద్ధతే. చిన్నవాళ్ళ నోరు తెరిపించడం ఒక ఎత్తు, తెరిచాక అది చెవికెక్కడం ఇంకో ఎత్తు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగుళూరు వచ్చిన విమానం, బల్ల లాంటి గుట్ట మీద కట్టిన రన్‌వేను దాటిపోయి లోయలో పడింది. 166 మందిలో 158 మంది పోయారు. విమానం ఉండవలసిన ఎత్తు కన్నా పైన ఉంది, దిగొద్దు, మళ్ళీ పైకి లేపుదాం అని కో పైలట్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ దింపడానికే వెళ్ళాడు. విచారణ నివేదికలో ఇదంతా ఉంది. 1977లో కెనరీ దీవుల్లోని టెనెరిఫెలో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయినప్పుడు కూడా, అవతలి విమానం రన్‌వే మీది నుంచి తప్పుకుందా అని ఫ్లైట్ ఇంజనీరు అనుమానం వెలిబుచ్చాడు. ఆ అనుమానం నిలబడలేదు. టెనెరిఫె లాంటి ప్రమాదాల తర్వాతే కాక్‌పిట్‌లో చిన్నవాడు ఎలా చెప్పాలో, పెద్దవాడు ఎలా వినాలో నేర్పే శిక్షణ ఒకటి విమానయానంలో వేళ్ళూనుకుంది. పైలట్లకు ఆకాశంలో ఎగరడంతో పాటు ఇదీ నేర్పాల్సి వచ్చింది చూడండి.

మూడో గడిలోకి మొదట దిగిన విషయం షిఫ్టు చార్టు. అప్పటిదాకా దాన్ని నేను అక్షరక్రమంలో వేసేవాణ్ణి. అందరికీ సమన్యాయం అనుకునేవాణ్ణి. వాళ్ళు వేసుకున్న చార్టు చూస్తే నాకు తల తిరిగింది. పటాన్‌చెరు నుంచి వచ్చేవాడికి రాత్రి ఆఖరి బస్సు దొరికే షిఫ్టు. నాట్ల రోజుల్లో ఊరెళ్ళేవాళ్ళకు ఆ రెండు వారాలు పగలు, ఆ బాకీ ఎండాకాలంలో రాత్రుళ్ళు చేసి తీర్చుకోవాలి. భార్య నెలలు నిండినవాడికి నైట్ లేదు. ఈ వివరాలన్నీ నా ఫైళ్ళలో ఎక్కడుంటాయి? నాగాలు తగ్గాయి. నేను పొంగిపోయాను.

మూడు నెలలు పోయాక చార్టు మళ్ళీ తీరిగ్గా చూశాను. ఇద్దరు కాంట్రాక్టు హెల్పర్లకు దాదాపు అన్నీ నైట్‌లే. వాళ్ళు శనివారం సమావేశానికి రారు, రావాలని ఎవరూ చెప్పలేదు, కాంట్రాక్టు కదా. నలుగురూ కూర్చుని తేల్చుకున్నారంటే మనకు రచ్చబండ గుర్తొచ్చి మనసు నిండిపోతుంది. కానీ ఆ చెట్టు కింద ఎవరు కూర్చున్నారు, ఎవరు దూరంగా నిలబడ్డారు, ఎవరు ఇంట్లోంచి బయటికే రాలేదు? ఆ లెక్క తీస్తే ఆ నీడ అంత చల్లగా ఉండదు. మేనేజరు ఒక్కడే అన్యాయం చేస్తాడని రూలేం లేదు, పదిమంది కలిసి కూడా చక్కగా చేయగలరు. ముట్టుకోనన్న గడిని ఆ ఒక్కసారి ముట్టుకున్నాను. చార్టు మార్చలేదు. ఆ ఇద్దరినీ శనివారం తీసుకొచ్చి కూర్చోబెట్టి, వరుసలో ముందు వాళ్ళ చేత మాట్లాడించాను. ఒకడు నోరు విప్పలేదు. రెండోవాడు రెండు వాక్యాలు చెప్పాడు. చార్టును వాళ్ళే మార్చుకున్నారు.

అన్నిటికీ కూర్చుని మాట్లాడుకోవాలా అంటే, వద్దు. కరెంటు బోర్డులోంచి పొగ వస్తుంటే సమావేశం పెట్టేవాడిని ఏమంటాం? మెయిన్ ఆపెయ్యాలి, అది ఎవరు ముందు చూస్తే వాళ్ళు, మేనేజరు దాకా రానక్కర్లేదు. ఆ అధికారం ప్రతివాడికీ ముందే ఇచ్చి ఉంచడం కూడా ఇందులో భాగమే. ఒక మనిషి తప్పు చేసినప్పుడు అతని శిక్షను పదిమందిలో చర్చకు పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. రోజూ పక్కపక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు వాళ్ళు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

నల్లబల్ల కింద ఒక నోట్‌బుక్కు వేలాడదీశాం. ఎవరైనా ఏదైనా రాయొచ్చు, రాయడం రానివాళ్ళు రాయించొచ్చు. వారం తిరిగేలోగా దాని పక్కనే జవాబు రాయడం నా వంతు. "చూద్దాం" అని రాయకూడదని నాకు నేనే నిబంధన పెట్టుకున్నాను. అవును అంటే ఎప్పుడు, కాదు అంటే ఎందుకు. కాదని రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నోటితో తేలిగ్గా దాటేసే మాటకు కాగితం మీద కారణం వెతుక్కోవాలి. ఒక్కోసారి కారణం దొరికేది కాదు. చచ్చినట్టు ఒప్పుకునేవాణ్ణి.

ఇన్‌స్పెక్షన్‌లో ఆరుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. తయారైన సరుకును వెర్నియర్‌తో, మైక్రోమీటర్‌తో కొలిచి చూడటం వాళ్ళ పని. వాళ్ళలో ఒకామె నోట్‌బుక్కులో రాసింది. లింగంపల్లి నుంచి వచ్చే సిటీ బస్సు ఎనిమిదీ పదికి గాని దిగనీయదు, గేటు ఎనిమిదీ ఐదుకు మూస్తారు, నెలలో ఎన్నో హాఫ్ డేలు కోత పడుతున్నాయి, ఫ్యాక్టరీ ఎనిమిదింబావుకు మొదలుపెట్టమని. కుదరదని రాశాను. ఎందుకో కూడా రాశాను. కరెంటు కోత వేళలు ఇవీ, సాయంత్రం నాలుగున్నరకు సరఫరా ఆగిపోతుంది, పొద్దున పావుగంట పోతే అది సాయంత్రం తిరిగి రాదు, మెషీన్లు ఆగిపోతాయి. కరెంటు ఆఫీసు పంపిన కాగితం కూడా పక్కన అంటించాను.

ఆమె ఆ శనివారం ఏమీ అనలేదు. తర్వాతి శనివారం తన వంతు వచ్చినప్పుడు లేచింది.

"కోత మెషీన్లకు గదా సార్. మైక్రోమీటరుకు కరెంటెందుకు?" అంది. "పొద్దున్నే మాకు సరుకు రాదు. తొమ్మిదింటి దాక నిన్నటి రిజిస్టర్లు దిద్దుకుంట కూసుంటం. మా ఒక్క సెక్షన్ పావుగంట లేటుగ మొదలుపెట్టి పావుగంట లేటుగ పోతం. బల్ల కిటికీ పక్కకు వేస్తే సాయంత్రం ఎల్తురు సాలు."

నేను ఆ గదిలోకి రోజుకు నాలుగుసార్లు వెళ్ళేవాణ్ణి. తొమ్మిది దాకా అక్కడికి సరుకు రాదన్న సంగతి గమనించలేదు. అది ఏ గడిలోకి వస్తుందని ఎవరో అడిగారు. సుద్దముక్క ఆమెకే ఇచ్చాను. మూడో గడిలో రాసింది.

సోమవారం పొద్దున ఎనిమిదీ పదికి లింగంపల్లి బస్సు దిగి ఆరుగురూ నింపాదిగా నడుచుకుంటూ వచ్చారు. బల్లను కిటికీ దగ్గరికి జరిపాం. ఎక్కడ పెట్టాలో ఆమే నేల మీద గీత గీసింది.